ఎనభయ్యో పుట

పోయిన నెల విజయవాడ వెళ్ళొచ్చాను. సత్యనారాయణపురంలో బాబాయి పెద్దకర్మ. వరసకి మాకు చుట్టరికమేమీ లేదు. నేను పనిచేసిన ప్రెస్సులో ఆయన ఫోర్‌మన్. చేరిన మొదటి వారంలోనే "సార్ ఏంటమ్మా, బాబాయ్ అను చాలు" అన్నాడు. నలభై ఏళ్ళకు పైగా అదే పిలుపు.

భోజనాలయ్యాక పిన్ని నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. మంచం కింద ఉన్న రేకు పెట్టె బయటికి లాగమంది. "నువ్వొస్తే ఇమ్మన్నాడు. ఏం దాచాడో నేను చూళ్ళేదు" అంది.

మూత తియ్యగానే కిరసనాయిలు, నల్ల సిరా కలిసిన వాసన గుప్పున వచ్చింది. ఒకప్పుడు ఆ వాసన నా జడలో ఉండేది, పమిట చెంగులో ఉండేది, అన్నం డబ్బా మూతకి కూడా పట్టుకుని ఉండేది. పెట్టె నిండా మడతలు పెట్టిన పెద్ద పెద్ద అచ్చు కాగితాలు. పైదొకటి తీసి చూసి, మళ్ళీ పెట్టేసి అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఆ కాగితాల సంగతి చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

* * *

మాది చీరాల పక్కన నేత ఊరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి నాన్నది, ఒకటి పెదనాన్నది. తాతగారి కాలంలో రుమాళ్ళు నేసేవాళ్ళట. నూనె పట్టించిన నూలు వాసన ఎన్ని ఏళ్ళైనా ఆ ఇంటి గోడల్లోంచి పోలేదని నాయనమ్మ అనేది. నాకు తెలిసేనాటికి లుంగీలు, చీరలే. బడి నుంచి రాగానే నా పని రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టడం. ఒక బుట్టెడు కండెలు అయ్యాక నాన్న మగ్గంలోంచే కేకేసేవాడు. "ఏదో ఒకటి తెచ్చి చదువమ్మా."

ఏదో ఒకటి అంటే నిజంగా ఏదో ఒకటే. కొనుక్కున్న పుస్తకాలు మా ఇంట్లో లేవు. అట్ట ఊడిపోయిన వచన రామాయణం ఒకటి, పోయిన ఏటి పంచాంగం, అన్నయ్య చదివేసిన పాఠ్యపుస్తకాలు, ఎన్నికలప్పుడు ఎవరో పంచిన కరపత్రాలు. ఇవి కాక పొట్లం కాగితాలు. పచారీ కొట్టు నుంచి చింతపండు, ధనియాలు, మిరియాలు అన్నీ పొట్లాల్లోనే వచ్చేవి. అమ్మ పొట్లం విప్పి సరుకు డబ్బాలో పోయగానే నేను ఆ కాగితం లాక్కుని, తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేసేదాన్ని. పురికొస కూడా పారేయకుండా ఉండకి చుట్టేవాళ్ళం.

ఒకసారి ధనియాల పొట్లం పరీక్ష పేపరు. ఎవరో పిల్లాడు కృష్ణానది ఉపనదులు రాశాడు. తుంగభద్ర, భీమ, మూసీ, మున్నేరు అని వరసగా రాసి, చివర మంజీర అని కూడా చేర్చాడు. మాస్టారు మంజీర చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టారు. మంజీర గోదావరిలో కలుస్తుందని నాకు మా బడిలో ఎవరూ చెప్పలేదు, ఆ ఎర్ర సున్నే చెప్పింది. ఇప్పటికీ ఎక్కడైనా మంజీర పేరు వింటే నాకు ధనియాల వాసన వస్తుంది.

ఇంకో పొట్లంలో వారపత్రిక సీరియల్ ముక్క. ఒకావిడ పెట్టె పట్టుకుని బస్టాండులో నిలబడి ఉంటుంది. ఎదురుగా రెండు బస్సులు. ఏది ఎక్కాలో తేల్చుకోలేకపోతుంది. అక్కడితో కాగితం చిరిగిపోయింది. ఆ సీరియల్ పేరు తెలీదు, రాసిందెవరో తెలీదు. ఆవిడ మాత్రం యాభై ఏళ్ళుగా అలాగే నిలబడి ఉంది.

* * *

పుస్తకమైతే ఎక్కడ తెరవాలనేదానికి నాన్న ఒక పద్ధతి పెట్టాడు. ఆ రోజు మగ్గం మీద ఏ నంబరు నూలు ఉందో ఆ నంబరు పుట తియ్యాలి.

నేతవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. నూలుకి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. నలభై నంబరు అంటే ముతక, మా ఇంట్లో లుంగీలకి వాడేవాళ్ళు. ఎనభై, వంద అంటే సన్నం, చీరలకి. సన్న నూలు నేస్తే మజూరీ కాస్త ఎక్కువ, కళ్ళకి కష్టమూ ఎక్కువే. షావుకారు ఏ నూలు ఇస్తే అదే నెయ్యాలి. అందుకని మా ఇంటి రోజులు ఎలా గడుస్తున్నాయో నేను చదివే పుట నంబరును బట్టే తెలిసిపోయేది. చేబదులు తెచ్చుకునే రోజుల్లో నలభయ్యో పుట. పెళ్ళిళ్ళ ముందు, పండగల ముందు ఎనభయ్యో పుట. వందో పుట ఎప్పుడో గానీ వచ్చేది కాదు.

"ఎనభై తియ్యి" అని నాన్న అన్నాడంటే ఆయన గొంతులోనే తెలిసేది ఈ నెల పర్వాలేదని.

పుస్తకానికి ఎనభై పుటలు లేకపోతే చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. పుట తిప్పకూడదు. ముందు పుటలో ఏం జరిగిందో అడగకూడదు. పుట చివర వాక్యం సగంలో ఆగిపోతే వింటున్నవాళ్ళెవరైనా పూర్తి చెయ్యాలి. దాదాపు ఎప్పుడూ నాన్నే చేసేవాడు.

చదవడానికి కూడా ఒక పద్ధతి వచ్చేసింది. అడ్డపోగు మోసుకుపోయే నాడె అటు నుంచి ఇటు దూకే చప్పుడు, వెంటనే దువ్వెనలాంటి అచ్చు వచ్చి పేకని, అంటే ఆ అడ్డపోగుని, కొట్టే చప్పుడు, కాళ్ళ కింద తొక్కుడు చెక్కల కిర్రు. ఈ మూడింటి మధ్యలో నా మాట వినపడాలి. అచ్చు దెబ్బ పడే క్షణం ఆగి, మళ్ళీ అందుకునేదాన్ని. పోగు తెగితే నాన్న మగ్గం ఆపి ముడి వేసుకునేవాడు. నేనూ ఆగేదాన్ని. ఆయన ముడి వేసి, ఆ ముడిని వేళ్ళతో నలిపి చూసుకుని, "ఊఁ" అంటే మళ్ళీ మొదలు.

ఆ అట్టలేని రామాయణంలో ఎనభయ్యో పుట నాకు కంఠతా వచ్చు. అడవికి బయల్దేరే ముందు కైకేయి నారచీరలు తెచ్చి ఇస్తుంది. రామలక్ష్మణులు కట్టుకుంటారు. సీతకి కట్టుకోవడం రాదు. ఒకటి చేత్తో పట్టుకుని, ఒకటి మెడ దగ్గర పెట్టుకుని సిగ్గుపడుతూ నిలబడిపోతుంది. రాముడే దగ్గరికొచ్చి, ఆమె కట్టుకున్న పట్టుబట్ట మీదే ఆ నారచీర కట్టి ముడి వేస్తాడు. మొదటిసారి చదివినప్పుడు పోగు తెగకపోయినా మగ్గం ఆగింది.

"పట్టు మీదే కట్టాడా?" అన్నాడు నాన్న.

"అవున్నాన్నా."

"అయితే పట్టు పాడవలేదన్నమాట." కాసేపు ఊరుకుని మళ్ళీ నాడె వేశాడు. ఆ కథలో నేతవాడికి ముందు కనపడేది అదే అని నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకోసారి అన్నయ్య సైన్సు పుస్తకంలో నలభయ్యో పుట "ఈగలు ముఖ్యంగా" అన్నచోట అయిపోయింది. "లేనోళ్ళ ఇళ్ళ మీదే వాల్తాయి" అని పూర్తి చేశాడు నాన్న. అది నలభై నంబరు నెల.

* * *

పుస్తకం తెరిచి ఎక్కడ పడితే అక్కడ చూడటం మా నాన్నతో మొదలైందేమీ కాదు. ఇంట్లో ఎవరికైనా సంబంధం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా, నాయనమ్మ స్నానం చేసి వచ్చి కళ్ళు మూసుకుని రామాయణంలో తులసాకు పెట్టేది. ఆకు ఉన్న పుటలో మంచి మాట వస్తే మంచి శకునం. ఆవిడకి చదువు రాదు. చదివి చెప్పేది నేనే. ఒకటి రెండుసార్లు యుద్ధం మధ్యలో పడితే, పక్క పుటలోంచి మంచి మాట ఏరి చదివాను. అది తప్పో ఒప్పో నాకిప్పటికీ తేలలేదు. మా వీధి చివర ఇంట్లో అత్తమ్మ వాళ్ళు క్రైస్తవులు. డిసెంబరు 31 రాత్రి గుడికెళ్ళి వాగ్దానం కార్డు తీసుకునేవాళ్ళు. కొత్త సంవత్సరానికి దేవుడు ఇచ్చిన మాట ఆ కార్డు మీద బైబిలు వచనంగా ఉంటుంది. మర్నాడు పొద్దున్నే ఆవిడ అది పట్టుకుని మా ఇంటికొచ్చి నా చేత మళ్ళీ చదివించుకునేది. ఆవిడకి చదువు వచ్చు. అయినా ఇంకొకరి నోట వినాలని.

పెదనాన్న ఒకసారి నన్ను సైకిలు మీద వేటపాలెం తీసుకెళ్ళాడు, సారస్వత నికేతనానికి. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీగారు అక్కడికి వచ్చి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. పెదనాన్న ఆ కర్ర చూపించడానికే తీసుకెళ్ళాడు. నేను చూశాను, దణ్ణం పెట్టాను. తరవాత అటు తిరిగితే గోడ నిండా బీరువాలు. అన్ని పుస్తకాలు ఒకచోట చూడటం అదే మొదలు. ఏం చదవాలో తోచలేదు. నాన్న నంబరు గుర్తొచ్చింది. సాయంత్రం దాకా చేతికందిన పుస్తకమల్లా అడిగి తీయించుకుని ఎనభయ్యో పుట ఒక్కటే చదివాను. ఒకదాంట్లో ఓడ మునిగిపోతోంది. ఒకదాంట్లో ఎవరో జమీందారు తన వకీలుకి రాసిన ఉత్తరం. ఒకదాంట్లో ఊరగాయల కొలతలు. పుస్తకాలు ఇచ్చే ఆయన నన్ను చూసి చూసి, "ఏం వెతుకుతున్నావమ్మా?" అన్నాడు. "ఎనభయ్యో పుట" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇంకో నాలుగు పుస్తకాలు తెచ్చి ఎనభయ్యో పుట దగ్గర తెరిచి నా ముందు పెట్టాడు.

ఆ రాత్రి నాన్నకి గుర్తున్నవన్నీ అప్పజెప్పాను. ఊరగాయల కొలతల్లో ఉప్పు దగ్గర తడబడితే అమ్మ వంటింట్లోంచే సరిదిద్దింది.

మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళడానికి నాకు మొహమాటంగా ఉండేది. అక్కడ ఎప్పుడూ మగవాళ్ళే, పేపర్లు పరుచుకుని. "ఇంటి పన్నులో రూపాయికిన్ని పైసలని దానికే పోతోంది, మనం కట్టిందే, వెళ్ళు" అని నాన్న పంపేవాడు. నాన్న మాట నిజమే. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం పెట్టిన సెస్సు అది. ఆ పైసల ధైర్యంతోనే ఆ గుమ్మం ఎక్కాను.

* * *

దివిసీమను ముంచేసిన 1977 నవంబరు ఉప్పెన రాత్రి మా వైపు కూడా గాలి ఊడ్చేసింది. మాది తాటాకు ఇల్లు. అర్ధరాత్రి కప్పు లేచిపోయింది. అందరం ఎదురింటి డాబాలోకి పరుగెత్తాం. తెల్లారి వచ్చి చూస్తే మగ్గం గుంటల నిండా నీళ్ళు. మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, పడుగు మొత్తం బురదలో నానుతోంది. అది ఎనభై నంబరు. అమ్మ ఆ పడుగుని చేతుల్లోకి ఎత్తుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడింది.

పుస్తకాలు కూడా గుంటలోనే తేలాయి. ఎండ వచ్చాక ఒక్కొక్క కాగితం ఒలిచి, మిగిలిన దూలాల మీద, దండెం మీద, పెరట్లో కంప మీద ఆరేశాను. రామాయణం, పంచాంగం, లెక్కల పుస్తకం, పొట్లాలు అన్నీ కలిసిపోయాయి. ఏది దేంట్లోదో కుట్టు ఊడిపోయాక ఎవరికి తెలుస్తుంది? ఆరినవి ఆరినట్టే ఒక కట్టగా పెట్టాను. తరవాత చాలా నెలలు మగ్గాలు ఆడలేదు. సాయంత్రాలు వీధిలోవాళ్ళు మా అరుగు మీద చేరేవాళ్ళు. ఆ కట్టలోంచి పైకొచ్చిన కాగితం చదివేదాన్ని. హనుమంతుడు సముద్రం మీద ఎగురుతుండగా, తరవాతి కాగితంలో మేషరాశి వారికి ఆదాయం, వ్యయం. ఎవరూ వరస అడగలేదు. అప్పుడు ఎవరి బతుకూ వరసలో లేదు.

* * *

ఇంటరు అయ్యాక, నాన్నకి దగ్గు పట్టుకుంది. ఎవరో చుట్టాల ద్వారా విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో కాపీ హోల్డరుగా చేరాను. ఆ పని ఇప్పుడు లేదు కాబట్టి చెప్తాను. గాలీ ప్రూఫు, అంటే పేజీలుగా విడగొట్టకముందు తీసే పొడవాటి అచ్చు కాగితం, ప్రూఫ్‌రీడరు ముందు ఉంటుంది. రచయిత చేతిరాత ప్రతి నా చేతిలో ఉంటుంది. నేను గట్టిగా చదువుతుంటే ఆయన ప్రూఫులో చూసుకుంటూ తప్పులు దిద్దుతాడు. మాటలతో పాటు అన్నీ చదవాలి. "అతడు కామా తలుపు తీసి కామా లోపలికి వచ్చెను ఫుల్‌స్టాపు కొత్త పేరా." బండి ర (ఱ) వస్తే బండి ర అని చెప్పాలి. అరసున్న వస్తే అరసున్న అనాలి. మగ్గం చప్పుడుకి మధ్యలో చదివిన గొంతు కాబట్టి ట్రెడిల్ అచ్చుమిషను మోతలో కూడా నా మాట స్పష్టంగా వినపడేది. బాబాయి మెచ్చుకున్నది అందుకే.

ఆ ప్రెస్సులో అచ్చవని వస్తువు లేదు. ఉగాది ముందు పంచాంగాలు, వేసవిలో శుభలేఖలు, బడులు తెరిచే ముందు గైడ్లు, సంఘాల వార్షిక నివేదికలు, రైతులకు పంచే పుస్తకాలు, సొంత డబ్బు పెట్టుకుని కవులు వేయించుకునే సంపుటాలు. ఒకే రోజు పొద్దున తిథులూ ఘడియలూ విఘడియలూ చదివి, మధ్యాహ్నం ఎవరో కుర్రాడి ప్రేమ కవితలు చదివేదాన్ని. ఏదీ మొదటి నుంచి చివరిదాకా చదివింది లేదు. గాలీలు ఏ వరసలో వస్తే ఆ వరసే.

బాబాయి అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, అక్షరాల గళ్ళుండే కేసుల ముందు నిలబడితే చూడాలి. తెలుగుకి ఎన్ని గళ్ళో! అక్షరాలు వేరు, గుణింతాలు వేరు, వత్తులు వేరు. ఆయన కళ్ళు కాగితం మీద, చెయ్యి గళ్ళ మీద. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నల్లగా నిగనిగలాడేవి. సీసం అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కదా, ఆయన వాటిని తలకిందులుగానే గడగడా చదివేసేవాడు. మామూలు పుస్తకం ఇస్తే మాత్రం కళ్ళజోడు వెతుక్కునేవాడు.

కరెంటు పోయేది. ఇబ్రహీంపట్నంలో అంత థర్మల్ స్టేషను పెట్టుకుని కూడా ఊళ్ళో రోజూ పోయేది. మిషన్లు ఆగగానే ఆ నిశ్శబ్దానికి చెవులు గుయ్‌మనేవి. కంపోజిటర్లు, మిషన్‌మెన్, మడతలు పెట్టే ఆడవాళ్ళు అందరం మెట్ల మీదకి చేరేవాళ్ళం. ఒకరోజు ఊరికే మా నాన్న సంగతి చెప్పాను. బాబాయి శ్రద్ధగా విని, "మీ నాన్న ఇప్పుడు ఏం నేస్తున్నాడు?" అన్నాడు. "అరవై" అన్నాను. లోపలికెళ్ళి, ఆ వారం అచ్చులో ఉన్న పుస్తకం కాగితాల్లోంచి అరవయ్యో పేజీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చదువు" అన్నాడు.

ఆ రోజు నుంచి అదొక అలవాటైంది. నేను ఊరెళ్ళి వచ్చానంటే ముందు "నాన్న ఎలా ఉన్నాడు?" తరవాత "ఏ నంబరు?" నిబంధనలు కూడా నాన్నవే. పేజీ తిప్పకూడదు. సగంలో ఆగిన వాక్యాన్ని వింటున్నవాళ్ళు పూర్తి చెయ్యాలి. మడతల దగ్గర ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ ఏ వాక్యాన్నైనా పెళ్ళితో పూర్తి చేసేది. సంఘం నివేదికలో కోశాధికారి బాకీ వసూలు కోసం బయల్దేరినా, ఆవిడ చెప్తే పెళ్ళి చేసుకుని వచ్చేవాడు.

చదవడానికి మాకు దొరికేది ఎక్కువగా మడత పెట్టని షీట్లే. చూడనివాళ్ళకి దాని అందం చెప్పడం కష్టం. డెమీ సైజు పుస్తకంలో ఒక ఫారం అంటే పదహారు పేజీలు. పెద్ద షీటు మీద ఒక వైపు ఎనిమిది, రెండో వైపు ఎనిమిది. మడిస్తేనే వరస కుదురుతుంది. విప్పి చూస్తే ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది, నాలుగో పేజీ పక్కన పదమూడోది. పై వరస పేజీలు తలకిందులుగా ఉంటాయి. షీటు గుండ్రంగా తిప్పుకుంటూ చదవాలి. ఉప్పెన తరవాత ఆరేసిన నా కట్ట గుర్తొచ్చేది. ఇక్కడ మాత్రం ఆ కలగాపులగాన్ని కొలత ప్రకారం, స్కేలు పెట్టి, కావాలని చేస్తారు. మడత పెట్టాక ఒక్క పేజీ కూడా దారి తప్పదు. మొదటిసారి బాబాయి నా ముందు ఒక షీటు మడిచి, అంచులు చాకుతో కోసి, పేజీలు వరసగా తిప్పి చూపించినప్పుడు నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఎందుకో ఆయన అడగలేదు.

ఎనభై అంటే సరిగ్గా ఐదో ఫారం చివరి పేజీ. ఐదు పదహార్లు ఎనభై. దాని పక్కనే అరవై ఐదో పేజీ ఉంటుంది.

ఒకసారి నా వల్ల పెద్ద తప్పు జరిగింది. ఇంటి దగ్గర నుంచి నాన్నకి బాగాలేదని ఉత్తరం వచ్చింది. అది జాకెట్లో పెట్టుకుని చదువుతూ ఒక లైను మొత్తం దాటేశాను. ప్రూఫ్‌రీడరు చూసుకోలేదు. అచ్చయిపోయాక రచయిత వచ్చి కాగితాలు మా ముందు పడేశాడు. యజమాని గదిలోకి పిలిస్తే, నా కంటే ముందు బాబాయి వెళ్ళాడు. లోపల ఏం చెప్పాడో నాకు తెలీదు. ఆ ఫారం మళ్ళీ అచ్చు వేశారు. ఆ నెల ఆయన జీతంలో కోత పడిందని ఏడాది తరవాత మిషన్‌మెన్ చెప్తే తెలిసింది.

* * *

నాన్న చివరి రోజుల్లో నేను సెలవు పెట్టి ఇంటికెళ్ళాను. మగ్గం మీద ఏమీ లేదు. బట్ట చుట్టే దోనెకి బూజు పట్టింది. మంచం పక్కన కూర్చుని, ప్రెస్సు నుంచి తెచ్చిన పుస్తకం తీసి, "ఏ నంబరు నాన్నా?" అన్నాను, అలవాటుగా.

"మగ్గం మీద ఏం లేదుగా. నువ్వే చెప్పు" అన్నాడు.

"ఎనభై" అన్నాను.

ఏం చదివానో గుర్తు లేదు. అన్ని ఎనభయ్యో పుటలు గుర్తున్నాయి, అదొక్కటే లేదు. వాక్యం సగంలో ఆగిందో, పూర్తయిందో కూడా తెలీదు.

తిరిగి ప్రెస్సుకి వచ్చిన రోజు కరెంటు పోయింది. మెట్ల మీద కూర్చున్నాక బాబాయి ఎప్పట్లాగే, "ఏ..." అని ఆగిపోయాడు. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆయనే లేచి లోపలికెళ్ళి ఒక షీటు తెచ్చాడు. "ఎనభై చదువమ్మా" అన్నాడు. ఆ తరవాత నేను ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ అదే నంబరు.

* * *

పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చేశాను. పిల్లలకి పడుకునే ముందు పుస్తకం చదివితే కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా చదివేసేదాన్ని. మా పెద్దది బడిలో అలాగే చదివిందట. కంప్యూటర్లు వచ్చాయి, ఆఫ్‌సెట్టు వచ్చింది. బాబాయి వాళ్ళ ప్రెస్సు అక్షరాలన్నీ సీసం కింద తూకానికి అమ్మేశారు. కేసులు ఒక ఇనప సామాన్ల కొట్టాయన కొనుక్కున్నాడు. ఒకసారి విజయవాడ వెళ్ళినప్పుడు బాబాయి ఆ కొట్టుకి తీసుకెళ్ళి చూపించాడు. 'క' ఉండే గడిలో అంగుళం మేకులు, 'మ' ఉండే గడిలో స్క్రూలు. "గడి మాత్రం ఖాళీగా లేదు" అన్నాడు. ఆయన అది సంతోషంగానే అన్నాడు, నేనే వినలేకపోయాను.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వస్తాను. పైన ఉన్న షీటు విప్పగానే కింద మూలన 80 కనపడింది. పక్కన 65. రెండోది విప్పాను. 80. మూడోది కూడా 80. పెట్టెలో ఉన్నవన్నీ ఐదో ఫారాలే. ఒక్కో పుస్తకం అచ్చయినప్పుడల్లా ఐదో ఫారం షీటు ఒకటి తీసి దాచాడు. నేను పనిచేసిన రోజులవి కొన్నే. చాలావాటికి నేను కాపీ పట్టుకోలేదు, వాటి పేర్లు కూడా నాకు తెలీదు. నేను మానేశాక అచ్చయినవి. చివరి సీసపు అక్షరం అమ్మేదాకా దాస్తూనే ఉన్నాడు.

పిన్ని గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. పదకొండు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదని కోడలు చెప్పింది. "ఏముందమ్మా అందులో?" అంది.

"చదవనా పిన్నీ?"

"చదువు."

చేతిలో ఉన్నది వరి సాగు మీద రైతులకి వేసిన పుస్తకం. ఎనభయ్యో పేజీ కిందికి తిప్పుకుని మొదలుపెట్టాను. నారుమడి, నీళ్ళు పెట్టడం, నారు వయసు. చివరి పేరాకి వచ్చాను. "కాండం తొలిచే పురుగు ఆకు కొసల మీద గుడ్లు పెడుతుంది ఫుల్‌స్టాపు. కావున నాటుటకు ముందు నారు కొసలు తుంచవలెను ఫుల్‌స్టాపు. తుంచిన కొసలను"

పేజీ అక్కడ అయిపోయింది. ఆరో ఫారం పెట్టెలో లేదు. నేను ఆగిపోయాను.

పిన్ని పుట్టిల్లు కంకిపాడు వైపు, వ్యవసాయం ఇల్లు. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని కాస్త ముందుకు వంగింది.

"గట్టు మీద పడెయ్యకూడదమ్మా. పోగేసి కాల్చెయ్యాలి" అంది. "మా నాన్న ఆ పని నాకు చెప్పేవాడు. ఇంకోటి తియ్యి."

ఇంకోటి తీశాను.